వేరుశనగకీ ఉల్లిపాయకీ మధ్య బొండాం

సింగపూరులోని ఆంగ్ మో కియోలో మేముండే బ్లాకు కారిడార్ ఎంత పొడుగంటే, ఈ చివర మా ఆవిడ పోపు పెడితే ఆ చివరివాళ్ళకి తుమ్ము వచ్చేసరికి మా భోజనాలు కూడా అయిపోతాయి. ఈ వాక్యం రాయగానే మా ఆవిడ నా భుజం మీదుగా చదివి, "ఎనిమిది ఫ్లాట్లండీ అది. నేషనల్ హైవే కాదు" అంది. ఆవిడ నా మొదటి పాఠకురాలు, మొదటి శత్రువు కూడా. నేను ఊదే ప్రతి బుడగకీ ఆవిడ దగ్గర ఒక సూది సిద్ధంగా ఉంటుంది. కాబట్టి ఇందులో ఎక్కడైనా నికార్సయిన నిజం తగిలితే అది ఆవిడ చలవ. మిగిలినదంతా నా స్వార్జితం.

ఆ కారిడార్ చివరి ఫ్లాట్‌లో యూదుల ఆంటీ ఉంటుంది. ఈ ఊళ్ళో తల నెరిసినవాళ్ళందరూ అంకుళ్ళూ ఆంటీలే కాబట్టి నేనూ అలాగే పిలుస్తాను. ఆవిడ తాతముత్తాతలు బాగ్దాదు నుంచి కలకత్తాకీ, అక్కణ్ణుంచి సింగపూరుకీ బట్టల వ్యాపారం చేసుకుంటూ వచ్చి, ఇక్కడి ఉక్కపోతకి ఇంకో అడుగు వెయ్యలేక ఆగిపోయారట. ఆవిడ ఇక్కడే పుట్టింది. మామూలుగా ఇంగ్లీషు, సంతోషం వస్తే మలయ్, కోపం వస్తే ఇక్కడి చైనావాళ్ళ హోక్కియెన్. ఎనభై దాటిన మనిషి. ఎత్తు నా మోచేతి దాకా, గొంతు పదో అంతస్తు దాకా. మాతో మాట్లాడేది ఇంగ్లీషే, ఇక్కడ నేను తెలుగు చేసి రాస్తున్నాను. మాట చివర తగిలే 'లా'లు మాత్రం అచ్చంగా ఆవిడవే, నేను ఒక్కటి కూడా కలపలేదు.

మా స్నేహం ఆవకాయతో మొదలైంది. పన్నెండు నెలలూ రోహిణీ కార్తె నడిచే ఈ ఊళ్ళో కూడా, ఏప్రిల్ వచ్చేసరికి మా ఆవిడకి ఆవకాయ పూనుతుంది. లిటిల్ ఇండియా నుంచి పుల్లమామిడికాయలు రైల్లో మోసుకురావడం నా వంతు. ఆ సంచీ బరువుకి రైలు ఒక పక్కకి ఒరిగిందని నేను అంటాను. మా ఆవిడ ఒప్పుకోదు. ఆ ఏడు ఆవపిండి కలిపే వేళకి మా ఇనప గేటు ముందు ఈ ఆంటీ ప్రత్యక్షమై, కళ్ళు మూసుకుని ఒక దీర్ఘమైన శ్వాస తీసింది.

"మా నానమ్మ మామిడికాయ కలుపుతున్నది ఎవరు?"

బాగ్దాదు యూదుల ఇళ్ళలో కూడా మామిడికాయ ఊరగాయ ఉంటుందని అప్పుడే తెలిసింది. మా ఆవిడ ఒక ముక్క ఇవ్వబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఇంటికెళ్ళి సొంత సీసా, సొంత చెంచా తెచ్చుకుంది. మా గిన్నెల్లో తినదు. అమ్మమ్మ మడి చూసి పెరిగిన నాకు ఈ శాస్త్రం కొత్త కాదు. దూరంగా నిలబడ్డాను. ఆవిడ నాలిక మీద కాస్త రాసుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తీర్పు చెప్పింది. "ఇది మాది కాదు. మాది ఇంత కోపంగా ఉండదు. కానీ దగ్గర చుట్టం లా."

అప్పటి నుంచి మా ఇంటి నుంచి ఆ ఇంటికి ఆవకాయ, పత్తి వత్తులు వెళతాయి. వత్తులు ఎందుకంటే, శుక్రవారం పొద్దుగూకేముందు ఆవిడ గాజు గ్లాసుల్లో నూనె పోసి దీపాలు పెడుతుంది. ఇక అక్కణ్ణుంచి శనివారం సాయంత్రం ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా స్విచ్చి ముట్టుకోదు, ఫోను ముట్టుకోదు, లిఫ్టు బటన్ నొక్కదు. దీనికోసమే మూడో అంతస్తు కొనుక్కుందట. ఇంట్లో ఒక్కర్తే ఉంటుంది. భర్త పోయాడు, పిల్లలు లేరు. దీపాలు మాత్రం బోలెడు. ఒకసారి మా ఆవిడ ఏది ఎవరికని అడిగింది. అమ్మకి, నాన్నకి, భర్తకి అని చూపిస్తూ, చివరిదాని దగ్గర ఆగి, "ఇది మా అక్కకి. ఉందో లేదో తెలీదు. అందుకే దీనికి నూనె కొంచెం ఎక్కువ పోస్తాను" అంది.

ఆ అక్క సంగతి ఒక ఆదివారం కిందున్న తిండికొట్ల హాకర్ సెంటర్‌లో చెప్పింది. నేను టిష్యూ ప్యాకెట్ పడేసి టేబుల్ చోప్ చేశాను, అంటే మన బస్సు సీటులో తువ్వాలు వేసినట్టు. ఆవిడ కాగితం కప్పులో నల్ల కాఫీ పట్టుకుని కూర్చుంది.

యుద్ధం వచ్చింది. జపాన్ విమానాలు ఊరి మీద తిరుగుతున్నాయి. వాళ్ళ నాన్న ఎవరెవరి కాళ్ళో పట్టుకుని కలకత్తా వెళ్ళే ఓడలో ఆడవాళ్ళకి చోటు సంపాదించాడు. అమ్మ, మేనత్త, ఎనిమిదేళ్ళ అక్క, నాలుగేళ్ళ ఈవిడ. రేవులో జనం. ఓడ మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఈవిడ ఏడుపు అందుకుంది. మామూలు ఏడుపు కాదు, నేల మీద పడి దొర్లే ఏడుపు. ఊరుకోబెట్టడానికి అమ్మ ఎత్తుకుని వరసలోంచి పక్కకి వెళ్ళింది. ఆ కాసేపట్లోనే జనం తోసుకొచ్చారు, మెట్లు ఎత్తేశారు. ఓడ మీద అత్తా, అక్కా. రేవులో అమ్మా, ఈవిడా. తర్వాత జపాన్ వాళ్ళు వచ్చి మిగతా యూదులతో పాటు వీళ్ళనీ క్యాంపులో పెట్టారు. ప్రాణాలతో బయటపడి కలకత్తాకి ఉత్తరాలు రాస్తే, ఆ ఇంట్లో ఎవరూ లేరని తిరిగొచ్చాయి.

"మా అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది" అంది ఆంటీ. "ఆ పిల్లకి నా వల్ల అమ్మ లేకుండా పోయింది. నాకు తెలియాల్సింది ఒక్కటే లా. నా మీద కోపంగా ఉందా? అక్క లేకపోతే దాని పిల్లలైనా ఉంటారు. వాళ్ళకి నా గురించి ఏం చెప్పి ఉంటుంది?"

ఎనభై ఏళ్ళు దాటినావిడ నాలుగేళ్ళ పిల్ల తరఫున సంజాయిషీ చెప్పుకోవడానికి అక్కని వెతుకుతోంది. అలాంటప్పుడు నేను చేసే పని ఒక్కటే, కోతలు కొయ్యడం.

"ఆంటీ, మీరు ఇంతకాలం తప్పు మనుషుల్ని అడిగారు. భూగోళం మీద ఏ వీధి తీసుకున్నా ఒక తెలుగువాడు ఉంటాడు. ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే, ఏ ఊరు, ఇంటిపేరేంటి అని మొదలుపెట్టి టీ చల్లారేలోపు చుట్టరికం తేలుస్తారు. మొన్న వన్-నార్త్‌లో మా ఆఫీసు లిఫ్టు మధ్యలో ఆగిపోతే, తలుపులు తెరిచేసరికి లోపల ఆరుగురమూ బంధువులమైపోయాం."

"ఇద్దరు" అంది మా ఆవిడ. "అది కూడా మీరే బలవంతంగా కలిపారు."

ఆంటీ మాత్రం నన్ను నమ్మింది. అదే వచ్చిన చిక్కు. నన్ను నమ్మేవాళ్ళు అలవాటు లేక నాకు కంగారు పుట్టింది.

పని మొదలుపెట్టాక తెలిసింది ఇదెంత పీటముడో. ఆవిడ ఇప్పటికే తప్పిపోయినవాళ్ళని వెతికిపెట్టే ఆఫీసులకి రాసింది, దేశదేశాల్లోని తమ ప్రార్థనా మందిరాలకి రాసింది, చివరికి డీఎన్ఏ పరీక్షకని ఒక గొట్టంలో ఉమ్మి కూడా పంపింది. ఆ ఉమ్మి పుణ్యమా అని వేలు విడిచిన బంధువులు చేతులు విడిచేటంతమంది దొరికారు గానీ అక్క దొరకలేదు. ఎలా దొరుకుతుంది? పెంచిన అత్త ఇంటిపేరు ఒకటి, పెళ్ళయ్యాక ఇంటిపేరు ఇంకొకటి, అవేవీ ఈవిడకి తెలియవు. పోనీ సొంత పేరుతో వెతుకుదామంటే, అది వాళ్ళ నానమ్మ పేరు. ఆ నానమ్మకి ఉన్న కొడుకులందరూ తలా ఒక కూతురికి అదే పేరు పెట్టారు. కలకత్తాలో, లండన్‌లో, సిడ్నీలో, జెరూసలేంలో ఎక్కడ చూసినా ఆ పేరే. చెట్టు మర్రంత ఉంది, పేర్లు మాత్రం కరివేపాకు రెమ్మకి సరిపడా.

అయినా మాట ఇచ్చాను కదా. నాకు తెలిసిన తెలుగు గ్రూపులన్నిటిలో ఒక ప్రకటన పెట్టాను. పండగ గ్రూపు, క్రికెట్ గ్రూపు, ఇంటర్ క్లాస్‌మేట్ల గ్రూపు, ఎందుకున్నానో తెలియని మొక్కల గ్రూపు, ఒక్కటి వదల్లేదు. 'గౌరవనీయ యూదు కుటుంబానికి చెందిన అమ్మాయి, చిన్నప్పుడు సింగపూరు నుంచి కలకత్తా వెళ్ళినది, ఆచూకీ కావలెను' అని గ్రాంథికం దట్టించి రాశాను. అమ్మాయి అనడం నా పొరపాటే. ఆంటీ మాటల్లో ఆవిడ ఎప్పుడూ ఎనిమిదేళ్ళ పిల్లే కాబట్టి నా వేలికి కూడా అదే వచ్చింది.

గంటలో జవాబులు కురిశాయి. అమ్మాయి ఎత్తెంత, ఏం చదివింది, శాఖాంతరమైనా పరవాలేదు, మావాడు టెక్సస్‌లో ఉన్నాడు అని ఒకాయన. ఫోటో పంపండి అని ఇంకో ఇద్దరు. కాకినాడ బస్టాండులో నిన్ననే చూశానని ఒక మహానుభావుడు. మూడో రోజుకి నా ప్రకటనే తిరిగి తిరిగి, 'కిడ్నాపైన బాలిక, దయచేసి అందరికీ పంపండి' అని మా అత్తగారి దగ్గర్నుంచి నాకే వచ్చింది.

మా అమ్మాయి నా ఫోను చూసి, "పపా, సో పైసే లా. ఆ ఆంటీ అక్కకి నువ్వు మ్యారేజ్ సంబంధాలు తెచ్చావు" అంది. పైసే అంటే ఇక్కడి మాటలో పరువు తక్కువ. నా పరువు గురించి ఇంట్లో ఎవరికీ అపోహలు లేవు కాబట్టి ఆ మాట పట్టించుకోలేదు.

ఆంటీకి ఈ సంగతి చెప్పడానికి మొహం చెల్లక రెండు వారాలు లిఫ్టు మానేసి మెట్లెక్కాను. శనివారం ఆవిడ కూడా మెట్ల మీదే ఎదురుపడుతుందని మరిచిపోయాను. దొరికిపోయాను. మర్నాడు మా ఇంట్లో కూర్చుని ఇదంతా విని ఆవిడ నవ్వుతుండగా, మా ఊరి నుంచి మేనత్త ఫోను చేసింది. ఆవిడకి చెవులు వినపడవు కాబట్టి లోకంలో ఎవరికీ వినపడవని ఆవిడ నమ్మకం. స్పీకర్ పెట్టనక్కర్లేదు.

"ఒరేయ్ బొండాం! బతికున్నావంట్రా? ఫోను చెయ్యడానికి కూడా డబ్బులు ఖర్చవుతున్నాయంట్రా నీకు? మీ ఆవిడకియ్యి, నీతో ఏంటి!"

ఆ మాటలు కారిడార్ దాటి, రోడ్డు దాటి, ఎదురు బ్లాకులో పావురాలని లేపాయి. ఫోను అయ్యాక ఆంటీ అడిగింది. "బొండాం అంటే ఏంటి?"

"కొబ్బరి బొండాం ఆంటీ" అంది మా ఆవిడ, పాతికేళ్ళ కాపురంలో ఇంత ఆనందంగా ఏ ప్రశ్నకీ జవాబు చెప్పి ఉండదు. "చిన్నప్పుడు ఈయన తలకాయ అలా ఉండేదట. ఈయన పేరు వాళ్ళ తాతగారిది. ఆయనకి నలుగురు కొడుకులు, నలుగురూ పెద్దపిల్లాడికి తండ్రి పేరే పెట్టారు. మామగారి పేరు పెట్టి కోడళ్ళు 'ఒరేయ్' అనకూడదు కదా! అందుకని ఒకడు బొండాం, ఒకడు చింతపిక్క, ఒకడు పోస్టాఫీసు, ఒకడు బుల్లోడు. బుల్లోడికి ఇప్పుడు అరవై. ఊళ్ళో ఈయన అసలు పేరు చెబితే మా ఇంటికి దారి కూడా చూపించరు."

ఆంటీ పగలబడి నవ్వింది. "మా ఇంట్లోనూ అంతే లా! నానమ్మ పేరున్న పిల్లలు అంతమంది ఉంటే అమ్మ ఒకర్ని పిలిస్తే అందరూ పరిగెత్తుకొచ్చేవాళ్ళట. అందుకని మా మలయ్ వంటామె అందరికీ వంటింట్లోంచే పేర్లు పెట్టింది. అక్క కచాంగ్. అంటే వేరుశనగ గింజ. పుట్టినప్పుడు అంతే ఉండేదట. నేను బావాంగ్, ఉల్లిపాయని. ఎప్పుడూ ఏడుపే కదా. అమ్మానాన్నా కూడా చివరిదాకా మమ్మల్ని అలాగే..."

అక్కడ ఆగిపోయింది. మేమిద్దరం ఆవిడ వంక చూశాం.

"ఆంటీ, ఈ పేర్లు ఆ ఆఫీసుల వాళ్ళకి చెప్పారా?"

"వాళ్ళు పేరు అడిగారు" అంది ఆవిడ నెమ్మదిగా. "పేరే చెప్పాను. వేరుశనగ అని ఎవరైనా చెబుతారా?"

బొండాం అని పిలిస్తే యాభై మూడేళ్ళుగా పలుకుతున్నవాణ్ణి, ఈ ప్రశ్న నాకు మొదటిరోజే తట్టాలి. తట్టలేదు. ఆ తలకి ఆ పేరు ఊరికే రాలేదు.

ఈసారి ప్రకటనలో గ్రాంథికం లేదు, అమ్మాయి లేదు. 'మీకు తెలిసిన ఏ ఇంట్లోనైనా తొంభై ఏళ్ళ యూదు ముసలావిణ్ణి కచాంగ్ అని పిలుస్తారా?' అంతే. మొక్కల గ్రూపులో ఒకాయన వేరుశనగ సాగు మీద వ్యాసం పంపాడు. మిగతా అంతా నిశ్శబ్దం. ఆంటీ రోజూ ఏమీ అడగకుండా మా గేటు ముందు నుంచి అటూ ఇటూ నడిచి వెళ్ళేది. అడిగినా బాగుండేది.

ఒక శుక్రవారం సాయంత్రం, ఆంటీ ఇంట్లో దీపాలు వెలిగించేశాక, మెల్‌బోర్న్ నుంచి ఒక తెలుగమ్మాయి ఫోను చేసింది.

"అన్నయ్య గారూ, మీరు నాకు తెలీదండి. మా తోటికోడలు మొక్కల గ్రూపులో ఉంది. నేను ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి అమ్ముతానండి. ఒక తెల్లాయన వస్తూ ఉంటాడు, డెబ్భై ఉంటాయేమో. ఆవకాయ మూడు సీసాలు తీసుకుంటాడు. రెండు ఇంట్లోకి, ఒకటి 'ఫర్ కచాంగ్' అంటాడు. దాన్లో కారం బాగా దట్టించమంటాడు. నేను వాళ్ళ కుక్క పేరేమో అనుకున్నానండి! కుక్కకి ఆవకాయ పెడతాడా పాపిష్టోడు అని మా ఆయనతో కూడా అన్నాను. ఇవాళ వస్తే అడిగాను. వాళ్ళమ్మంట!"

నేను కుర్చీలోంచి లేచాను. ఆ వేగానికి పైకప్పు తగలాల్సింది, పంకా అడ్డొచ్చింది.

"ఆ మాటకి అర్థం వాళ్ళకీ తెలీదంటండి. చిన్నప్పటి నుంచీ ఆవిడ అలాగే పిలిపించుకుంటదంట. మీ నంబరు ఇచ్చాను. కానీ ఆయన మొహం అదోలా పెట్టాడన్నయ్యా. డబ్బుల మాటెత్తితే పోలీసులకి చెబుతానన్నాడు."

మర్నాడు పొద్దున తెలియని విదేశీ నంబరు మోగింది. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎత్తకండి! స్కామ్!" అని అరిచింది. మా లిఫ్టులో, బస్టాపులో, రైల్లో అంతటా ఆ హెచ్చరిక బొమ్మలే కదా. నేను ఎత్తాను. అవతల గొంతు అంతకన్నా అనుమానంగా ఉంది.

"మీరెవరు?"

"మీరెవరు?"

"ముందు మీరు చెప్పండి."

"మీరు చేశారు కాబట్టి మీరే చెప్పాలి."

ఇలా ఇద్దరు పెద్దమనుషులం ఒకరినొకరు దొంగలనుకుంటూ కాసేపు గడిపాక, ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకు మీ మీద నమ్మకం లేదు. కానీ మా అమ్మ రాత్రంతా పడుకోలేదు. ఒక ప్రశ్న అడగమంది. జవాబు తప్పైతే ఫోను పెట్టేస్తాను. చిన్నపిల్లని వంటామె ఏమని పిలిచేది?"

"బావాంగ్" అన్నాను.

ఆయన ఆ మాట పక్కనెవరికో చెప్పాడు. తర్వాత, ఫోనుకి దూరంగా ఎక్కడో, పీలగా ఒక ముసలి గొంతు. "మసీ హిదూప్?"

నాకొచ్చిన మలయ్ హాకర్ సెంటర్‌లో భోజనం తెప్పించుకోవడానికి సరిపోతుంది, అంతే. కానీ ఆ రెండు మాటలూ అర్థమయ్యాయి. ఇంకా బతికే ఉందా? అని.

కారిడార్‌లో పరిగెత్తాను. ఈసారి ఆ కారిడార్ నిజంగానే పొడుగ్గా ఉంది, మా ఆవిడ కూడా ఒప్పుకుంది. శనివారం కాబట్టి బెల్లు కొట్టకుండా గేటు దబదబా బాదాను. ఆంటీ తలుపు తీసింది. చెప్పాను. ఆవిడ గేటు ఊచలు పట్టుకుని, అలాగే నిలబడి, నన్ను మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. మళ్ళీ చెప్పాను. చేతిలో ఫోను చాచాను.

ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "ఇవాళ శనివారం లా."

"ఆంటీ! ఎనభై ఏళ్ళు!"

"అవును. ఎనభై ఏళ్ళుగా శనివారం శనివారమే. అక్క మాట్లాడమంది, దేవుడు ఆగమన్నాడు. అక్కకి చెప్పు, చుక్కలు పొడవగానే వస్తానని. అది మా నాన్న కూతురు, అర్థం చేసుకుంటుంది."

మెల్‌బోర్న్‌కి కబురు చేశాను. ఆ కొడుకు ఇప్పుడు మెత్తబడ్డాడు. "అమ్మ నవ్వుతోంది. తను ఇవన్నీ ఎప్పుడో మానేసిందట. కానీ వేచి ఉంటానంటోంది. ఇప్పటి నుంచే చెప్పులు వేసుకుని కూర్చుంది, ఎందుకో తెలీదు."

ఆ సాయంత్రం మా కారిడార్ చరిత్రలో నిలిచిపోతుంది. సింగపూరు ఆకాశంలో చుక్క కనిపించడం మనకి లాటరీ తగలడం లాంటిది. కింద దీపాలు, పైన మబ్బులు. పిట్టగోడ దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఆంటీ, అటూ ఇటూ మేము. సంగతి తెలిసి పక్కింటి చైనా అంకుల్, మలయ్ మామ్మ, పై అంతస్తు వాళ్ళు, దారినపోయే సామాన్ల డెలివరీ అతనూ, అందరూ మెడలు పైకెత్తి నిలబడ్డారు. మొత్తం ఆంగ్ మో కియో దిగొచ్చిందని రాద్దామనుకున్నాను గానీ మా ఆవిడ పక్కనే ఉంది.

"అదిగో ఒకటి!" అన్నాను.

"విమానం" అంది మా ఆవిడ.

"అదిగో!"

"అదీ విమానమే. చూడండి, కన్ను కొడుతోంది."

చైనా అంకుల్‌కి ఓపిక పోయింది. "టీవీలో బోలెడు స్టార్లు. లెక్కలోకి రావా?"

"రావు లా" అంది ఆంటీ. ఆవిడ ఒక్కర్తే తొందరపడటం లేదు. ఒళ్ళో చేతులు మాత్రం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

మొదటి చుక్క మలయ్ మామ్మ పట్టింది. రెండోది డెలివరీ అతను. మూడోది ఎంతకీ రాలేదు. చివరికి రెండు బ్లాకుల మధ్య మబ్బు కాస్త పక్కకి జరిగితే, ఆంటీయే వేలెత్తి చూపించింది. కళ్ళద్దాలు కూడా లేవు ఆవిడకి. అది చుక్కో కాదో నేను ప్రమాణం చెయ్యలేను. ఈసారి మా ఆవిడ కూడా సూది తియ్యలేదు.

ఆవిడ లోపలికెళ్ళి, ఏదో రెండు మాటల ప్రార్థన చెప్పుకుని, టేబుల్ ముందు కూర్చుంది. ఫోనుని ఆవకాయ సీసాకి ఆనించి నిలబెట్టాను. తెర మీద ఒకావిడ. తెల్లటి జుట్టు, బట్టతల కొడుకు భుజం మీద చెయ్యి. పేరుకి వేరుశనగ గానీ మనిషి కొబ్బరిచెట్టు. ఇద్దరూ కదలరు, మాట్లాడరు. నెట్ ఆగిపోయిందనుకుని ఫోను కదపబోతే మా ఆవిడ నా చెయ్యి మీద ఒక్కటేసింది.

ముందు కచాంగే అడిగింది. "నీకు పళ్ళున్నాయా?"

"సగం నావి" అంది ఆంటీ. "నీకు?"

"అన్నీ కొన్నవే."

"కొన్న పళ్ళతో ఆవకాయ తింటున్నావా?"

"నానమ్మది కాదు. కానీ ఏదో ఒకటి ఉండాలి కదా."

తర్వాత ఆంటీ కుర్చీలో ముందుకి జరిగింది. అడగాల్సింది అడిగింది.

"కచాంగ్. నా మీద కోపంగా ఉన్నావా?"

"ఎందుకు?"

"నేను ఏడవబట్టే కదా అమ్మ ఓడ ఎక్కలేదు."

అక్క కొడుకు వంక చూసింది, తన చేతుల వంక చూసుకుంది. "నువ్వు ఎందుకు ఏడ్చావో గుర్తుందా?"

"ఓడంటే భయమేసి ఉంటుంది. చిన్నదాన్ని."

"భయం కాదు. నేను గిల్లాను." ఆవిడ రెండు వేళ్ళు కలిపి చూపించింది. "అత్త ఇచ్చిన బిస్కెట్టు నువ్వు తినేశావు. గట్టిగా గిల్లాను. నువ్వు ఏడ్చావు, అమ్మ నిన్ను తీసుకుని పక్కకి వెళ్ళింది. నేను గిల్లకపోతే అమ్మ నాతో ఉండేది, మీరు ఆ క్యాంపుకి వెళ్ళేవాళ్ళే కాదు. ఎవరికీ చెప్పలేదు బావాంగ్. పోయిన మా ఆయనకి కూడా చెప్పలేదు."

ఇక్కడ నేను ఏ వివరమూ పెంచడం లేదు. పెంచడానికి చోటు లేదు. మా ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆంటీ కదలకుండా చూస్తోంది. ఉల్లిపాయ ఇప్పుడు ఏడుస్తుంది అనుకున్నాను. ఫోను తియ్యనా వద్దా అని చెయ్యి కూడా చాచాను.

"గిల్లావా?" అంది ఆంటీ.

ఆ గొంతు మూడో అంతస్తులో మొదలై పదో అంతస్తుకి చేరింది.

"నన్ను గిల్లావా? అది నా బిస్కెట్టు లా! నీది ఓడ దగ్గరికి రాకముందే తినేశావు, నాకు బాగా గుర్తుంది!"

"నీకు నాలుగేళ్ళు! నీకేం గుర్తుంటుంది!"

"బిస్కెట్టు గుర్తుంటుంది!"

"మామ్, మామ్" అని కొడుకు మధ్యలోకి రాబోయాడు. ఈ చెల్లెలూ ఆ అక్కా కలిసి ఒకే గొంతుతో అతన్ని ఊరుకోమన్నారు. తర్వాత సగం ఇంగ్లీషు, సగం మలయ్, మధ్యలో అరబ్బీ కూడా దొర్లిన ఆ పోట్లాట ఎంతసేపు సాగిందో నాకు తెలీదు. నా ఫోను అక్కడే వదిలేసి మేము ఇంటికొచ్చి భోంచేశాం. కారిడార్ పొడవునా వినిపిస్తూనే ఉంది. కళ్ళు తుడుచుకుంటున్నట్టు మధ్యలో ఒకటి రెండు ఖాళీలు, మళ్ళీ బిస్కెట్టు.

ఆదివారం పొద్దున నా ఫోను తిరిగి ఇచ్చి, ఆంటీ నన్ను కాఫీకి కిందికి తీసుకెళ్ళింది. లిఫ్టులో కలిసిన మలయ్ మామ్మకి ఎడమ చెయ్యి చూపించి, మా అక్క నన్ను గిల్లింది అని చెప్పింది. కింద కూర్చున్న ముసలాళ్ళకి చెప్పింది. హాకర్ సెంటర్‌లో చేపలమ్మే ఆవిడకి, టేబుళ్ళు తుడిచే అంకుల్‌కి, ముక్కూమొహం తెలియని ఒక జంటకి కూడా చెప్పింది. బహుమతి గెలిచినదానిలా ఆ చెయ్యి పట్టుకుని తిరుగుతోంది. "నేను ఊరికే ఏడవలేదు లా. గిల్లింది!"

కాఫీ కొట్టు అతను పాలడబ్బా వంచుతూ, ఇదేదో నిన్నో మొన్నో జరిగిన గొడవనుకుని, "అయ్యో ఆంటీ, ఎప్పుడు?" అన్నాడు.

"ఓడ ఎక్కేముందు" అంది ఆవిడ.